ఏ స్టేషన్, ఏ సంవత్సరం? – మోడల్ రైళ్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత రైళ్ల గురించి నమ్మకమైన వివరాలు ఎలా సంపాదించాలన్న దాని మీదే. కింద ఇచ్చిన మోడల్ కొలతలన్నీ హెచ్‌ఓ స్కేలుకు, అంటే అసలు కొలతను 87.1తో భాగించి ఇచ్చినవి.

ప్రశ్న: 1970ల నాటి కాజీపేట జంక్షన్‌ను హెచ్‌ఓలో కట్టాలనుకుంటున్నాను. ఇంట్లో 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు స్థలం ఉంది. సమాచార సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ముందు ‘1970లు’ అన్న మాట కొట్టేసి ఒకే ఒక్క సంవత్సరం రాసుకోండి. ఆ పదేళ్లలో మారినవి చాలా ఉన్నాయి. 1974లో మూడో తరగతి రద్దయింది. కాబట్టి మీది 1973 అయితే ప్యాసింజర్ బండి కోచ్ మీద రోమన్ మూడు ఉండాలి, 1976 అయితే రెండు ఉండాలి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. అంతకు ముందు కాజీపేట మధ్య రైల్వే కింద ఉండేది. అందుకే 1965 లేఅవుట్‌లో దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు కనిపిస్తే తప్పు. అక్కడ విద్యుదీకరణ 1980లలో జరిగింది కాబట్టి మీకు స్తంభాలు, తీగలు అక్కర్లేదు. బాక్స్‌ఎన్ వ్యాగన్లూ 1980ల సరుకే. మార్కెట్లో అవి సులువుగా దొరుకుతున్నాయని కొనేస్తే గూడ్స్ బండి మొత్తం పదేళ్లు ముందుకు జరిగిపోతుంది. మీ కాలానికి నాలుగు చక్రాల వ్యాగన్లు, వాటితోపాటు కొన్ని పాత బాక్స్ వ్యాగన్లు సరిపోతాయి. ఇంజన్లలో డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఆవిరి ఇంజన్లూ డబ్ల్యూడీఎం-2 డీజిళ్లూ పక్కపక్కన తిరిగిన రోజులవి. మోడల్ కట్టేవాళ్లకు ఇంత రంగుల కాలం మరొకటి లేదని మా నమ్మకం.

సంవత్సరం తేలాక మూడు కాగితాలు వెతకండి. మొదటిది ఆ ఏటి పబ్లిక్ టైమ్‌టేబుల్. ప్యాసింజర్, ఎక్స్‌ప్రెస్ బళ్ల నంబర్లు, వేళలు అందులో ఉంటాయి. హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో పాతవి అప్పుడప్పుడూ దొరుకుతుంటాయి. రెండోది సిబ్బందికి ఇచ్చే వర్కింగ్ టైమ్‌టేబుల్. మనకు అసలైన నిధి ఇదే. గూడ్స్ బళ్ల దారులు, క్రాసింగ్‌లు, సెక్షన్ వేగాలు, ఏ ఇంజను ఎంత లోడు లాగొచ్చన్న పట్టిక, బ్లాకు పద్ధతి (రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒకే బండి ఉండేలా చూసే ఏర్పాటు) అన్నీ ఇందులో దొరుకుతాయి. మూడోది స్టేషన్ వర్కింగ్ రూల్స్‌కు జతచేసే యార్డు డయాగ్రం. ఏ లూపు (ప్రధాన లైను పక్కన బండి ఆగే లైను) ఎంత పొడవు, ఏ సిగ్నల్ ఎక్కడ, ఏ పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోటు) ఏ సిగ్నల్ కేబిన్ కింద ఉందో అది చూపిస్తుంది.

చివరి రెండూ బజారులో అమ్మేవి కావు. రిటైరైన స్టేషన్ మాస్టర్లు, గార్డుల ఇళ్లలో పాత ప్రతులు ఉండే అవకాశం ఉంది. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు, రుసుము 10 రూపాయలు. అయితే ‘కాజీపేట చరిత్ర ఇవ్వండి’ అని అడిగితే పని జరగదు. ఫలానా సంవత్సరంలో అమల్లో ఉన్న ఫలానా డయాగ్రం నకలు కావాలని ఒక్క కాగితాన్నే పేరుపెట్టి అడగండి. ఉన్న రికార్డు ఇవ్వడమే వాళ్ల బాధ్యత, మనకోసం కొత్తగా తయారు చేయరు. భద్రత కారణం చూపి నిరాకరించనూవచ్చు.

రిటైరైన డ్రైవర్లతో మాట్లాడేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకండి. యార్డు గీత, రెండు మూడు ఫొటోలు ముందు పెట్టి ‘ఇక్కడ ఇంజను విడదీశాక ఎటు తీసుకెళ్లేవారు?’ అని అడగండి. పని ఎలా చేసేవారన్నది వాళ్లకు చేతివేళ్లలో ఉంటుంది. సంవత్సరాలు, రంగుల విషయంలో మాత్రం జ్ఞాపకం జారుతుంది. ఆ రెండింటికీ ఫొటోనో కాగితమో తోడు ఉండాలి.

ఇక స్థలం సంగతి. బ్రాడ్‌గేజ్ లూపులో బండి నిలిచే ప్రామాణిక నిడివి 686 మీటర్లు. హెచ్‌ఓలో అది దాదాపు 7.9 మీటర్లు, మీ గది మొత్తం 3.66 మీటర్లే. జంక్షన్ అంతా పట్టదు. యార్డు ఒక కొసను మాత్రమే తీసుకోండి. ఒక కేబిన్, పాయింట్ల గుంపు, ప్లాట్‌ఫారం చివర, ఇంజను నీళ్లు పట్టుకునే చోటు చాలు. యార్డు మొత్తాన్ని కుదించి కట్టడం కంటే ఆ ముక్కను నిజమైన నిష్పత్తిలో కట్టడమే మేలు.

ప్రశ్న: మా తాతగారు గుంతకల్లులో పనిచేశారు. ఆయన దాచిన రైలు ఫొటోలు నాలుగు ఉన్నాయి, వెనక తేదీలు లేవు. ఏ సంవత్సరానివో ఎలా తేల్చాలి? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: ఒక్క సంవత్సరం తేలకపోయినా ‘దీనికి ముందు కాదు, దీని తర్వాత కాదు’ అన్న రెండు గట్లు వేయవచ్చు. ఫొటోలను కనీసం 1200 డీపీఐలో స్కాన్ చేసి, పెద్దది చేసి అక్షరాలు చదవండి. వ్యాగన్ పక్కన, కోచ్ చివర పీరియాడికల్ ఓవర్‌హాల్ (నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతు) తేదీ, చేసిన వర్క్‌షాపు, మళ్లీ రావాల్సిన తేదీ స్టెన్సిల్ చేసి ఉంటాయి. మొదటి తేదీకి ముందు ఆ ఫొటో తీసే అవకాశమే లేదు. రెండో తేదీ దాటి కూడా వ్యాగన్లు తిరిగేవి కాబట్టి దాన్ని మెత్తని గట్టుగానే చూడాలి. కోచ్‌కు ఐదంకెల నంబరుంటే మొదటి రెండంకెలు సాధారణంగా తయారైన సంవత్సరం చెబుతాయి.

తర్వాత కోచ్ చివరలో వేలాడే గొట్టాలు చూడండి. లావుపాటి గొట్టం ఒక్కటే ఉంటే వాక్యూమ్ బ్రేకు. సన్న గొట్టాలు రెండుంటే ఎయిర్ బ్రేకు, అంటే తర్వాతి కాలం. రంగు ఫొటోలో కోచ్‌లు ముదురు ఎరుపు నుంచి నీలంలోకి మారి ఉంటే 1990లు, ఆ తర్వాత. బండి బోర్డు మీద నాలుగంకెల నంబరుంటే అది 1980ల చివర వచ్చిన పద్ధతి. ఐదంకెలవి 2010 డిసెంబరు నుంచి. మూడో తరగతి గుర్తుంటే 1974 తర్వాతిది కాదు.

సిగ్నళ్లూ సాక్ష్యం చెబుతాయి. సెమాఫోర్ (స్తంభానికి రెక్క ఉండే సిగ్నల్) రెక్క కిందికి వాలితే రెండు సూచనల పాత పద్ధతి, పైకి లేస్తే మల్టిపుల్ యాస్పెక్ట్, అంటే రెండుకు మించి సూచనలిచ్చే పద్ధతి. ఒక స్టేషన్‌లో ఆ మార్పు ఎప్పుడు జరిగిందో తెలిస్తే అది గట్టి గట్టు అవుతుంది. పట్టాల కింద కూడా చూడండి. పళ్లేల్లాంటి పోత ఇనుప స్లీపర్లను మధ్యలో బద్దీ కలుపుతుంటే అవి సీఎస్‌టీ-9. వాటి చోట కాంక్రీటు స్లీపర్లు కనిపిస్తే ఫొటో కొత్తకాలం వైపు జరుగుతుంది. గుంతకల్లు అప్పట్లో బ్రాడ్‌గేజ్, మీటర్‌గేజ్ కలిసే జంక్షన్ కాబట్టి ముందు ఏ గేజో నిర్ధారించుకోండి. లేకపోతే ఇంజను తరగతే తప్పు చదువుతారు. ఫొటోలో వైపీ, వైజీ ఇంజను కనిపిస్తే అది మీటర్‌గేజే.

రంగుల దగ్గర ఒక జాగ్రత్త. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు, అందుకే అందులో ఎరుపు నల్లగా పడుతుంది. నలుపు తెలుపు ఫొటోలో బఫర్ బీమ్ (ఇంజను కొసన బఫర్లు బిగించే అడ్డ దూలం) నల్లగా ఉందని మోడల్‌కు నలుపు వేసేయకండి. రంగు ప్రింట్లు ఏళ్లు గడిస్తే ఎర్రబారతాయి. అదే ఫొటోలో తెల్లచొక్కానో, సున్నం గోడనో చూసి ఎంత జరిగిందో అంచనా కట్టండి.

ప్రశ్న: నా లేఅవుట్ 1955 నాటిది. డబ్ల్యూపీ ఇంజన్లు రెండు చేయించాను. నంబరు చిన్నదైతే ఇంజను పాతదని 7161 ఒకదానికి, 7200 ఇంకోదానికి వేయబోతున్నాను. సరేనా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: 7161 వేయకండి. ఆ ఇంజను చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలో 1965లో తయారైంది. 7200 మాత్రం 1947లో అమెరికాలోని బాల్డ్విన్ నుంచి వచ్చిన 16 నమూనా ఇంజన్లలో మొదటిది. ఆ పదహారింటి నంబర్లు 7200 నుంచి 7215 వరకు. చిత్తరంజన్ 1960లలో 259 డబ్ల్యూపీలు కట్టింది, 7200 కంటే చిన్న నంబర్లు వాటికి వెళ్లాయి. మొత్తం 755 ఇంజన్లలో నంబరుకూ వయసుకూ వరస సంబంధం లేదు. నంబరు ఎంచుకోవడానికి ముందు తయారీదారు, సంవత్సరం, ఆ ఇంజను ఏ షెడ్డుదన్న మూడూ చూసుకోవాలి. రంగులు, ముక్కు మీది నక్షత్రం అలంకరణ షెడ్డుకో తీరుగా ఉండేవి. అందుకే అదే నంబరు ఇంజను ఫొటో, మీ కాలానికి దగ్గరిది, చేతిలో పడేదాకా పెయింటింగ్ ఆపండి.

ప్రశ్న: ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) కోచ్‌లు ప్లాస్టిక్ షీటుతో సొంతంగా కట్టాలని ఉంది. కొలతలు ఇవ్వగలరా? స్నేహితుడు కట్టినవి మలుపుల్లో పక్క లైను బండిని తాకుతున్నాయి, ఎందుకు? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: పెరంబూరులో 1955 నుంచి తయారైన ఐసీఎఫ్ కోచ్ బాడీ పొడవు 21,337 మి.మీ., బఫర్లతో కలిపి 22,297, వెడల్పు 3,245. హెచ్‌ఓలో ఇవి 245, 256, 37.3 మి.మీ. రెండు బోగీ ఫ్రేముల (కోచ్ అడుగున చక్రాలుండే చట్రాల) కేంద్రాల మధ్య 14,783 అంటే 169.7 మి.మీ. ఒక్కో ఫ్రేములో ఇరుసుల మధ్య 2,896 అంటే 33.2 మి.మీ. చక్రం 915 అంటే 10.5 మి.మీ. చక్రాలు ప్రత్యేకంగా చేయించాల్సిన పని లేదు. అమెరికన్ హెచ్‌ఓలో ‘36 అంగుళాల’ చక్రాలని అమ్మేవి సరిగ్గా ఇదే వ్యాసం. ఇరుసు పొడవు మాత్రం మీ ఫ్రేముకు సరిపోతుందో లేదో కొలిచి కొనండి.

గోడను 0.5 మి.మీ. షీటు రెండు పొరలుగా అతికించి కట్టండి. కిటికీలు పై పొరలో కచ్చితంగా, లోపలి పొరలో అర మి.మీ. పెద్దగా కోస్తే అద్దం కూర్చోడానికి మెట్టు వస్తుంది. కిటికీ ఊచలు అడ్డంగా ఉంటాయి, 0.3 మి.మీ. తీగ చాలు. రెండు పొరల మధ్య ద్రావకం ఎక్కువ పూస్తే ఆవిరి బయటికి పోయే దారిలేక, రెండు మూడు వారాల తర్వాత గోడ వంగిపోతుంది. కనిపించని లోపలి పొరలో అక్కడక్కడా 2 మి.మీ. రంధ్రాలు పెట్టి, ద్రావకం పల్చగా పూసి, రాత్రంతా చదునైన అద్దం మీద బరువు కింద ఉంచండి. పూర్తయ్యాక కోచ్ బరువు దాదాపు 165 గ్రాములు ఉండాలి. తక్కువైతే పొడవాటి రేక్‌లో మధ్య కోచ్‌లు మలుపు లోపలికి ఒరిగి పట్టా దిగుతాయి. సీసం ముక్కలను నేల మీదే పరవండి, పైకప్పుకు అతికించకండి.

ఇక తాకడం. మలుపులో కోచ్ నడుము లోపలికి, కొసలు బయటికి తోసుకొస్తాయి. లోపలి తోపు = కేంద్రాల దూరం వర్గం ÷ (8 × వ్యాసార్థం). సెట్లతో వచ్చే 438 మి.మీ. వ్యాసార్థం మలుపులో ఇది 8.2 మి.మీ., కొసల దగ్గర బయటికి 8.9 మి.మీ. పక్కపక్క లైన్లలో రెండు కోచ్‌లు ఎదురైతే 17 మి.మీ. ఖాళీ మాయమవుతుంది. అదే 750 మి.మీ. వ్యాసార్థమైతే 4.8, 5.2కు తగ్గుతాయి. కోచ్ పొడవుకు మూడింతలు, అంటే 770 మి.మీ. కనీస వ్యాసార్థంగా పెట్టుకోండి. అది కుదరకపోతే మలుపుల్లో లైన్ల మధ్య దూరం పెంచండి. కోచ్‌ను పొట్టిగా కోసేవాళ్లున్నారు, మేం సలహా ఇవ్వం. ఒక కిటికీ తగ్గినా తెలిసినవాళ్ల కంటికి ఐసీఎఫ్ ఐసీఎఫ్‌లా ఉండదు.

ప్లాట్‌ఫారం అంచు విషయంలోనూ ఇంతే. నిజమైన అంచు లైను మధ్య నుంచి 1,670 మి.మీ., హెచ్‌ఓలో 19.2. కోచ్ సగం వెడల్పే 18.6. మోడల్ చక్రాలకు అటూ ఇటూ ఉండే సడలింపుకు అర మి.మీ. చాలదు. తిన్నని లైనులో 20.5 పెట్టండి.

ప్రశ్న: 16.5 మి.మీ. ట్రాక్ మీద మన బ్రాడ్‌గేజ్ ఇరుకుగా కనిపిస్తోంది. మార్గం ఉందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: 1,676 మి.మీ. హెచ్‌ఓలో 19.25 మి.మీ. అవుతుంది. దొరికే ట్రాక్ 2.7 మి.మీ. ఇరుకు. పట్టాలను చేత్తో 19.25కు పరుచుకుని, పొడవాటి ఇరుసులు వేసి, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరాన్ని 14.4 నుంచి దాదాపు 17.15కు పెంచవచ్చు. కానీ పాయింట్లన్నీ సొంతంగా కట్టాలి, ప్రతి ఇంజను ఛాసిస్ విప్పాలి. చిన్న ప్రదర్శన ముక్కకు ఇది ఎంతో అందం, గది నిండా తిరిగే లేఅవుట్‌కు మాత్రం ఏళ్ల పని. రాగి పూత స్లీపర్లు వాడితే ప్రతిదాని మధ్య పూతను ఆకురాయితో కోయడం మరవద్దు. ఒక్కటి మిగిలినా షార్ట్ అవుతుంది, ఎక్కడో వెతకడం నరకం.

16.5తో ఉండాలనుకుంటే పట్టా ఎత్తు, స్లీపర్ల వరస సరిచేయండి. కంటికి ముందు తగిలేవి అవే. 90 ఆర్ (గజానికి 90 పౌన్ల) పట్టా ఎత్తు 142.9 మి.మీ., హెచ్‌ఓలో 1.64, అంటే కోడ్ 65 (మోడల్ పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె). మీటరుకు 52 కిలోల పట్టా 156 మి.మీ., అది కోడ్ 70కి సరిపోతుంది. 60 కిలోలది 172 మి.మీ., కోడ్ 75కు దగ్గర. సెట్లలో వచ్చే కోడ్ 100 నిజంలో 221 మి.మీ. ఎత్తున్న పట్టా అవుతుంది, అలాంటిది మన దేశంలో లేదు. 13 మీటర్ల పట్టా కింద 17 స్లీపర్లు వేసిన లైనులో స్లీపర్ల మధ్య దూరం 765 మి.మీ., హెచ్‌ఓలో 8.8. అమెరికన్ ట్రాక్‌లో అవి 6 మి.మీ. దరిదాపుల్లో చిక్కగా ఉంటాయి. ఫ్లెక్సిబుల్ ట్రాక్ అడుగున స్లీపర్లను కలిపే సన్న ప్లాస్టిక్ కాడలను కోసి, వాటిని ఎడంగా జరిపి చూడండి, వెంటనే మన ఊరి లైనులా కనిపిస్తుంది.

కాచిగూడ–ద్రోణాచలం మీటర్‌గేజ్ కట్టేవాళ్లు అదృష్టవంతులు. 1,000 మి.మీ. అంటే 11.5, బజారులో దొరికే 12 మి.మీ. హెచ్‌ఓఎం (హెచ్‌ఓ స్కేలు మీటర్‌గేజ్) ట్రాక్‌కు తేడా అర మి.మీ. మాత్రమే.

ప్రశ్న: అరకు లైనును 1975 కాలానికి కడుతున్నాను. ఇనుప ఖనిజం బండికి విద్యుత్ ఇంజన్లు మూడు కట్టవచ్చా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: 1975లో కాదు. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైను 1960ల చివర మొదలైంది, విద్యుదీకరణ 1980ల మొదట్లో పూర్తయింది. మీకు డీజిళ్లే కావాలి. విశాఖ స్టేషన్ బోర్డు మీద పేరు కూడా ‘వాల్తేరు’ అనే ఉండాలి, 1987లోగానీ మారలేదు. ఘాట్‌లో ఎక్కుడు 60కి 1. పై లైను కింది లైనును దాటడానికి 9 సెం.మీ. ఎత్తు కావాలంటే 5.4 మీటర్ల పొడవు పడుతుంది. 8 డిగ్రీల వంపు అంటే 219 మీటర్ల వ్యాసార్థం, హెచ్‌ఓలో రెండున్నర మీటర్లు. అంత స్థలం ఎవరికీ ఉండదు. మలుపు చాలాభాగం సొరంగంలో దాచి, కనిపించే ముక్కను మాత్రమే విశాలంగా వంచండి.

ప్రశ్న: గోదావరి మీద పాత హేవలాక్ వంతెన కట్టాలంటే ఎంత పొడవు కావాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: 1900లో మొదలైన ఆ వంతెనకు 150 అడుగుల ఖానాలు 56. ఒక్కో ఖానా 45.7 మీటర్లు, హెచ్‌ఓలో 525 మి.మీ. అన్నీ కడితే 29 మీటర్లు దాటుతుంది. ఖానాల సంఖ్య తగ్గించండి, ఖానా పొడవు మాత్రం తగ్గించకండి. గర్డర్ ఎత్తుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తి చెడితే ఏ వంతెనో గుర్తుపట్టలేరు. ఐదు ఖానాలైతే 2.6 మీటర్లు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. అది ఒంటి లైను. రోడ్డు–రైలు వంతెన 1974లో వచ్చింది కాబట్టి అంతకు ముందు కాలమైతే వెనక తెరమీద దాన్ని గీయకండి. పాత వంతెన మీద రైళ్లు 1997లో ఆగాయి. గర్డర్ గళ్ల లెక్క గట్టు మీద నుంచి తీసిన పక్కచూపు ఫొటోలో తీసుకోవచ్చు, పైకి ఎక్కనక్కర్లేదు.

ప్రశ్న: నిజాం రైల్వే పాత ఇంజన్ల అసలు డ్రాయింగులు ఎక్కడ దొరుకుతాయి? (ఒక పాఠకుడు, డల్లాస్)

జవాబు: రైల్వే పేరుతో కాకుండా ఇంజను కట్టిన కంపెనీ పేరుతో వెతకండి. డ్రాయింగులు తయారీదారు ఆర్డరు నంబరు వరసలో భద్రమై ఉంటాయి. నార్త్ బ్రిటిష్ కంపెనీ డ్రాయింగులు గ్లాస్గోలో విశ్వవిద్యాలయ ఆర్కైవ్స్, మిచెల్ లైబ్రరీల్లోనూ, బేయర్ పీకాక్ కంపెనీవి మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలోనూ ఉన్నాయి. యార్క్ నేషనల్ రైల్వే మ్యూజియంలో కూడా అడగండి. రైల్వే నడిచిన తీరుకు సంబంధించిన నివేదికలకు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి. అక్కడ అడిగేటప్పుడు పేరు మారిన సంగతి గుర్తుంచుకోండి. 1930 దాకా అది నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, తర్వాత నిజామ్స్ స్టేట్ రైల్వే, 1950లో భారతీయ రైల్వేలో కలిసింది. ఇంజను పక్కన రాసే అక్షరాలూ దాన్నిబట్టే ఉంటాయి.

ముందు జనరల్ అరేంజ్‌మెంట్ షీటు (ఇంజను మొత్తాన్ని ఒకేచోట చూపే డ్రాయింగు) ఒక్కటే తెప్పించుకోండి. విడిభాగాల షీట్లు ఖర్చు పెంచుతాయి, అంతా అయ్యాక వాటిలో సగం అక్కరకు రావు. నకలు రాగానే స్కేలుతో నేరుగా కొలవకండి. పాత కాగితం అడ్డంగా ఒక తీరున, నిలువుగా ఇంకో తీరున కుంచించుకుపోతుంది. షీటు మీద అంకెల్లో రాసిన కొలతలనే తీసుకుని, రాయనివాటిని వాటితో నిష్పత్తి కట్టి లెక్కించండి. ఆ డ్రాయింగు ఇంజను ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు రూపం మాత్రమే. లాలాగూడ వర్క్‌షాపు 1893 నుంచి నడుస్తోంది. అక్కడ మరమ్మతుల్లో చిమ్నీ, క్యాబ్, దీపాల్లాంటివి మారి ఉంటాయి. మీరెంచుకున్న ఏడాది ఫొటోను డ్రాయింగు పక్కన పెట్టి, తేడా ఉన్న ప్రతి భాగాన్ని నకలు మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టాకే షీటు కోయడం మొదలుపెట్టండి.